అలుకు ఆరని మూల

మా ఇంట్లో ఎవరినైనా ఆ టెన్నిస్ టోర్నమెంటు చరిత్ర అడిగి చూడండి. ఏ యేడు ఎవరు గెలిచారో ఒక్కరూ చెప్పరు. ఏ యేడు పేడ ఎలా ఆరిందో మాత్రం పూసగుచ్చినట్టు చెబుతారు. ముసురు పట్టి అలుకు ఆరని యేడు, కర్ఫ్యూ పెట్టిన యేడు, ఆవులకు గాలికుంటు రోగం వచ్చి పేడే దొరకని యేడు. మాది గౌలిపుర. పాలవాళ్లం. మలక్‌పేటలో గుర్రప్పందేల మైదానం దాటాక ఒక పాత క్లబ్బు ఉంది. దేశదేశాల ఆటగాళ్లు వచ్చి ఏటా చలికాలంలో అక్కడ ఆడేవారు. ఆ పోటీకి కోర్టులు అలికింది మా తాత, ఆయన తర్వాత మా బాపు, బాపు తర్వాత మా అన్న.

అవును, పేడతోనే అలికేవాళ్లం. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత మీకు తీరిక దొరకదు. సిమెంటు కోర్టులు రాకముందు మా ఊళ్లో టెన్నిస్ చాలాచోట్ల పేడ అలికిన నేల మీదే ఆడేవాళ్లు. మట్టినేలను రోలరుతో అణచి, ఆవుపేడను నీళ్లలో కలిపి, గోనెగుడ్డలో పీచు లేకుండా వడగట్టి, చీపుళ్లతోనూ చేతులతోనూ పూత పూస్తారు. అది బాగా ఎండితే బంతి చక్కగా లేస్తుంది, కాలికి పట్టు దొరుకుతుంది. ఎండకపోతే అంతకంటే దొంగనేల ఇంకొకటి లేదు. పైన పెచ్చు కట్టి, లోపల పచ్చిగానే ఉంటుంది. కంటికి మాత్రం రెండూ ఒకటే.

మొదట్లో వచ్చిన విదేశీయులు ముక్కులు మూసుకున్నారట. ఒకాయన, ఇదంతా తనను ఆటపట్టించడానికి చేసిన పని అనుకుని, తాత ఎదుటే సామాను సర్దుకున్నాడట. ఎలాగో బతిమాలి ఆడిస్తే, పోటీ అయ్యాక ఆయనే వంగి నేలను తట్టి చూసి, ఇలాంటిది మా ఊళ్లో ఎందుకు లేదని అడిగాడట. ఈ కథ తాత చెప్పగా బాపు విన్నాడు, బాపు చెప్పగా మేం విన్నాం. మధ్యలో ఎవరెవరు ఎంత ఉప్పూకారం కలిపారో నాకు తెలియదు.

కర్ఫ్యూ యేడు మాత్రం నాకు బాగా గుర్తుంది. బాపు పేడబండి తోలుకుని వెళుతుంటే పోలీసులు ఆపి, పైన కప్పిన పట్టా కింద ఏముందో లాఠీతో పొడిచి చూశారు. ఆ లాఠీ కడుక్కోవడానికి నీళ్లు కూడా బాపే తెచ్చి పోశాడు. ఆయన తిరిగొచ్చేదాకా అమ్మ మంచినీళ్లు కూడా ముట్టకుండా గడపలో కూర్చుంది. బజారంతా షట్టర్లు దించి ఉంటే, క్లబ్బులో మాత్రం ఆట టైముకే మొదలైందట. ఎంత కష్టం వచ్చినా కోర్టు ఆరలేదన్న మాట బాపు నోట రాలేదని అమ్మ ఈనాటికీ గొప్పగా చెప్పుకుంటుంది.

తర్వాత టోర్నమెంటు పెద్దదైంది. టీవీ వాళ్లు వచ్చారు. టీవీలో పేడరంగు బాగుండదని ఒక్కో కోర్టు మీదా సిమెంటు, సిమెంటు మీద నీలంరంగు పడుతూ వచ్చాయి. డబ్బు పెట్టేవాళ్లు దొరక్క మధ్యలో కొన్నేళ్లు పోటీ ఆగింది, మళ్లీ లేచింది. మా పాడి కూడా అలాగే చెదిరింది. గౌలిపురలో కొట్టాలు పోయి మూడంతస్తుల ఇళ్లు వచ్చాయి. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవరు దాటాక ఒక అద్దె జాగాలో అన్న కట్టేసుకున్న నాలుగు ఆవులే మిగిలాయి. క్లబ్బులోనూ వెనకగోడ పక్కన ఒకే ఒక్క పేడకోర్టు మిగిలింది. దాన్ని ఊడ్చి, అలికి, కాపాడటమే అన్న ఉద్యోగం.

నేను బస్సు కండక్టర్ని. నా గొంతూ నా కోపమూ డిపోలో అందరికీ తెలిసినవే. అన్న నాకు పూర్తిగా వ్యతిరేకం. ఎవరేమన్నా తలూపుతాడు. ఆ తలూపుడు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పోయిన చలికాలం టోర్నమెంటు దగ్గర పడుతుండగా క్లబ్బు సెక్రటరీ అన్నను పిలిపించాడు. చెడ్డవాడు కాదు, మర్యాద తెలిసిన మనిషి. ఆ రోజు అన్నకు టిఫిను ఇవ్వడానికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను.

"భాయ్, ఆ కోర్టు తీసేద్దామని కమిటీల అంటున్నరు. బండ్లు పెట్టేతందుకు జాగ లేదు. దాని మీద ఆడేటోళ్లు గూడ ఎవ్వరు లేరు" అన్నాడాయన.

అన్న చేతులు కట్టుకునే జవాబు చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఎదురు మాట్లాడటం నేను మొదటిసారి అప్పుడే విన్నాను. "సార్, ఈ టోర్నమెంట్ షురూ అయిందే పెండ కోర్టు మీద. పాత చాంపియన్లను పిలుస్తున్నరంట గద. వాళ్లతోని ఒక్క ఆట దీని మీద ఆడిపియ్యిండ్రి. మంచిగ లేకుంటే అప్పుడు తవ్వుండ్రి."

సెక్రటరీ కమిటీతో మాట్లాడి రెండు రోజులకు ఒప్పుకున్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. "ఫస్ట్ బాల్ నుంచి లాస్ట్ బాల్ దాకా చిన్న లొల్లి గూడ కావొద్దు భాయ్. మంచిగ అయితే కోర్టు ఉంటది, నువ్వు ఉంటవ్. ఆట మధ్యల ఆగిందంటే జేసీబీ వస్తది. అప్పుడు నన్ను అడగొద్దు."

"ఠీక్ హై సార్" అన్నాడు అన్న.

కోర్టు పోతే అన్న ఉద్యోగమూ పోతుంది. నీలం కోర్టులు కడగడానికి ఒక కంపెనీ వాళ్లు మిషన్లేసుకుని వస్తారు, వాళ్లకు అన్న అక్కర్లేదు. యాభై దాటిన మనిషికి కొత్తగా పని ఎవరిస్తారు? అన్నిటికంటే నాకు అమ్మ ఫికరు ఎక్కువైంది. బాపు పోయాక ఆమె గుడికి వెళ్లినంత శ్రద్ధగా ఏడాదికోసారి ఆ కోర్టు చూడటానికి వెళ్లేది. అక్కడ నిలబడి కాసేపు ఏదో మాట్లాడుకుని వచ్చేది. ఏం మాట్లాడుతుందో మేం అడిగేవాళ్లం కాదు.

ఇక అన్నకు నిద్ర లేదు. పేడ పలచబడుతుందని ఆవులకు పచ్చిగడ్డి మానేసి ఎండుగడ్డే వేశాడు. ఆవులు అలిగి పాలు తగ్గించాయి. వదిన గొణిగింది. నేను సెలవు పెట్టి వెళ్లి గోనెగుడ్డ ఒక కొస పట్టుకుని పేడనీళ్లు వడగట్టాను. మర్నాడు బస్సెక్కితే డ్రైవరు వెనక్కి తిరిగి, "ఏంది మేడం, ఇయ్యాల సెంటు కొత్తగుంది?" అన్నాడు. ఎన్నిసార్లు సబ్బు పెట్టినా ఆ వాసన గోళ్ల సందుల్లోంచి పోలేదు. నాకేమీ సిగ్గనిపించలేదు. ఆ వాసనతోనే కదా మేం పెరిగింది.

మొదటి పూత ఆరింది. రెండో పూత వేశాక పొద్దుటిపూట పొగమంచు పట్టింది. అన్న ఫోనులో వాతావరణం చూస్తాడు, ఆకాశం చూస్తాడు, మళ్లీ ఫోను చూస్తాడు. చెప్పుల్లేకుండా కోర్టంతా నడుస్తూ, అడుగడుగునా మడమతో నొక్కి చూస్తాడు. పెచ్చు కదలకపోతే ఆరినట్టు. ఆటకు ముందురోజు సాయంత్రం ఆ మూల నుంచి ఈ మూల దాకా నొక్కి చూసి, నా దగ్గరికి వచ్చి, "అయింది చెల్లే, రాయి లెక్కయింది" అన్నాడు. చాన్నాళ్లకు అన్న మొహంలో వెలుగు చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సున్నంతో గీతలు వేస్తుంటే పక్కనే కూర్చుని చూశాను.

ఆట రోజు తెల్లవారకముందే అన్న ఆటోలో అమ్మను కూడా తీసుకుని వెళ్లాడు. ముందే వెళ్లి బాపు కోర్టుకు దండం పెట్టుకుంటానని ఆమె పట్టు పట్టింది. వాళ్లు వెళ్లేసరికి పెద్ద నీలం కోర్టు మీద మంచు కురిసి తడితడిగా ఉందట. తుడవడానికి పనివాళ్లందరినీ పిలిచారు, అన్నను కూడా. అమ్మను వెనక కోర్టు దగ్గర వదిలి అటు పరుగెత్తాడు. ఆ పని ముగించి తిరిగి వచ్చేసరికి ఆటగాళ్లు వచ్చే వేళైంది, జనం కుర్చీల్లో సర్దుకుంటున్నారు. నేను సిటీ బస్సు దిగి చేరేసరికి అమ్మ మంచి చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుని ఉంది, పెళ్లికూతురి తల్లిలాగా. ఆ వేళ ఆమెను చూసి నాకూ గర్వమేసింది.

కోర్టు నిజంగా బాగుంది. ఎండలో బూడిదపచ్చగా, మధ్యలో తెల్లటి గీతలతో. కోర్టు గేటు వైపు మూల మాత్రం కాస్త ముదురు రంగులో కనిపించింది. ఆ మూల మీద వెనకగోడ నీడ పడుతుంది కాబట్టి నేను పట్టించుకోలేదు. అన్న కూడా నీడే అనుకున్నాడని తర్వాత తెలిసింది.

పాత చాంపియన్లు ఇద్దరు. ఒకాయన విదేశీయుడు, పొడుగు మనిషి, గడ్డం నెరిసింది. నేను లంగా ఓణీ వేసుకునే రోజుల్లో ఇక్కడే, ఇలాంటి కోర్టు మీదే గెలిచాడట. ఇప్పుడు కుడి మోకాలికి పెద్ద పట్టీ ఉంది. ఆపరేషను అయిందని, డాక్టరు వద్దంటున్నా ఈ ఒక్క ఆట కోసం వచ్చాడని పక్కనెవరో చెప్పుకుంటున్నారు. రెండో ఆయన మన హైదరాబాదీ, చిన్న పొట్ట, పెద్ద నోరు. లోపలికి వస్తూనే, "ఆరాం సే మారో భాయ్, బుడ్ఢా హూఁ!" అని, తను ముసలివాడినని మెల్లగా కొట్టమని అరిచి జనాన్ని నవ్వించాడు. ఒకే సెట్టు ఆడాలని ఒప్పందం. అన్న గేటు బయట ఇనుప జాలీ పట్టుకుని నిలబడ్డాడు.

మొదటి గేములో విదేశీయుడు గేటు వైపు నిలబడ్డాడు. నాలుగైదు బంతులు బాగానే లేచాయి. అంతలో ఒక బంతి ఆ మూలలో పడి, లేవాల్సినంత లేవకుండా నేలబారున జారిపోయింది. ఆయన రాకెట్టు గాలిలో తిరిగింది. జనం నవ్వారు. ఆయన కూడా నవ్వి, రాకెట్టు అంచుతో నేలను తట్టి చూశాడు.  అన్న వైపు చూశాను. అన్న జాలీకి మొహం ఆనించి ఆ మూలకేసే చూస్తున్నాడు.

గేము అయ్యాక ఇద్దరూ పక్కలు మారారు. ఇప్పుడు గేటు వైపు హైదరాబాదీ ఉన్నాడు. ఆయన పరుగెత్తే రకం కాదు, మధ్యలో నిలబడి చేతికందినవే కొడతాడు. ఆ మూలకు బంతి వెళ్లినా, "జానే దో" అని, పోనిమ్మన్నట్టు చెయ్యి ఊపేస్తున్నాడు. నేను కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి వంగింది.

"చూసినవా బిడ్డా, ఎంత కళ వచ్చిందో. పొద్దుగాల నేనే సాన్పి చల్లిన."

సాన్పి అంటే కల్లాపి. మా ఇళ్లలో ఆడవాళ్లు పొద్దున లేచి వాకిలి ఊడ్చి చల్లే పేడనీళ్లు. బాపు ఉన్నప్పుడు టోర్నమెంటు మొదటిరోజు అమ్మ వెళ్లి కోర్టు గేటు బయట, మట్టి మీద, సాన్పి చల్లి ముగ్గు పెట్టి వచ్చేది. వచ్చిన ఆటగాళ్లు ముగ్గు తొక్కకుండా దాటి లోపలికి వెళ్లేవాళ్లు. అది మా ఆనవాయితీ.

"యాడ చల్లినవమ్మా?" అన్నాను. 

"గేటు కాడనే."

"బయటనా?"

"బయట మట్టి యాడున్నదే? అంత టైల్స్ ఏసి పెట్టిండ్రు. బండల మీద ఎవ్వలన్న సాన్పి చల్లుతరా? గందుకే లోపటికి పోయి చల్లిన, వాకిట్ల చల్లినట్టు. ఆవుల కాడికెల్లి తెచ్చుకున్న పెండనే. బకీటు నిండ కలిపి చిక్కగ చల్లిన."

 గోడ నీడలో, మంచు కురిసిన పొద్దున, రాయిలా ఎండిన పూత మీద బకెట్టు నిండా చిక్కటి పేడనీళ్లు. పైపైన ఆరి పెచ్చు కట్టింది. కింద అంతా పచ్చి. అడుగు గట్టిగా పడితే ఆ పెచ్చు జారుతుంది, దాని మీది మనిషి కూడా జారతాడు. మా వాకిట్లో ఎండ నేరుగా పడుతుంది. అక్కడ సాన్పి చాయ తాగి లేచేలోపు ఆరిపోతుంది. జీవితమంతా అదే చూసిన మనిషికి ఇక్కడ ఆరదని ఎలా తెలుస్తుంది? ఆమె మొహంలో ఆ సంబరాన్ని అలాగే ఉండనిచ్చాను. ఇప్పుడే వస్తానని చెప్పి లేచి, కుర్చీల వెనక నుంచి అన్న దగ్గరికి నడిచాను. పరుగెత్తితే జనం చూస్తారని నడిచాను.

అన్న చెవిలో చెప్పాను. అన్న నా వైపు తిరగలేదు.

"ఎంత చల్లిందంట?"

"బకీటు నిండ."

"నిన్న రాత్రి దాక రాయి లెక్కుండే" అన్నాడు మెల్లగా. అంతే. అమ్మను ఒక్క మాట అనలేదు.

మూడో గేము ముగిసింది. ఇద్దరూ నీళ్లు తాగి మళ్లీ పక్కలు మారారు. పట్టీ కట్టుకున్న కాలు ఈడ్చుకుంటూ విదేశీయుడు గేటు వైపు వచ్చి నిలబడ్డాడు. మాకూ ఆయనకూ మధ్య జాలీ ఒక్కటే అడ్డం. ఆయన ఒగర్పు మాకు వినిపిస్తోంది.

ఆ గేములో ఒక్కో బంతినీ నేను కళ్లతో ఇంకో మూలకు తోశాను, అటు పో, అటు పో అని. మొదటిది అటే పోయింది. రెండోది వలకు తగిలింది. మూడోది ఆ మూల అంచున పడింది. ఆయన చేత్తో దాన్ని ఆపి, తీసి చూసి, చొక్కాకు తుడుచుకున్నాడు. తెల్లచొక్కా మీద పచ్చటి మరక పడింది. ఆయన మరక చూసి నవ్వాడు. జనంలోనూ ఎవరో ఈల వేశారు. ఆయనకు అది పాతకాలపు సరదాలాగా అనిపించి ఉంటుంది. అన్న చెయ్యి గేటు గడియ మీదికి వెళ్లింది.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. "ఆగన్నా. ఎవ్వలకు తెల్వది. అటు దిక్కు బంతి పోకుంటే అయిపాయె."

"పోతే?"

"పోదు. ఈ ఒక్క గేము, తర్వాత గేము. మళ్ల పక్కలు మారుతరు. అటెనక ఎండ గూడ వస్తది, ఆరుతది."

"ఆయన మోకాలు చూసినవా?"

"చూసిన. ఆయనకు మస్తు మంది డాక్టర్లున్నరు. నీకెవలున్నరు?"

ఈ మాట అన్నందుకు నేనేమీ బాధపడను. ఇవాళ అడిగినా అదే అంటాను. వాళ్లకు అది ఒక పొద్దుటి సరదా, ఫోనుల్లో దాచుకునే వీడియో. మాకు అది మూడు తరాల చెమట. ఆయన పడొచ్చు, పడకపోవచ్చు. గేటు తీస్తే మాత్రం మేం పడటం ఖాయం.

అన్న అప్పుడు నా వైపు తిరిగాడు. కోపం లేదు. "మనం అలికిన నేల గద చెల్లే" అన్నాడు.

అదే క్షణాన అవతల హైదరాబాదీ కొంటెగా నవ్వుతూ బంతిని ఎత్తుగా గాలిలోకి లేపాడు. అది విదేశీయుడి తల మీదుగా, సరిగ్గా ఆ మూలకే వస్తోంది. జనం ఓ అని అరిచారు. ఆయన తల పైకెత్తి, బంతి మీదే చూపు పెట్టి, వెనక్కి పరుగు అందుకున్నాడు. పట్టీ కట్టిన కాలు ముందుపడి, బాగున్న కాలు వెనకపడి, పెద్ద పెద్ద అంగలతో వస్తున్నాడు. నా చేతిలోంచి అన్న చెయ్యి జారిపోయింది. గేటు భళ్లున తెరుచుకుంది.

"ఆగుండ్రి! స్టాప్! సార్, స్టాప్!"

రెండు చేతులూ చాపి అన్న ఆ మూలకు అడ్డంగా నిలబడ్డాడు. ఆ విదేశీయుడు అన్న ఛాతీకి దాదాపు తగిలేంత దగ్గరకొచ్చి ఆగాడు. బంతి అన్న వెనక, ఆ మూలలో పడి, చప్పుడు లేకుండా అక్కడే నిలిచిపోయింది.

 సెక్రటరీ పరుగున వచ్చాడు. "ఏమైంది భాయ్? ఎందుకు ఆపినవ్?"

అన్న ఆ మూలలో మడమతో నొక్కాడు. పెచ్చు అరచెయ్యంత ముక్కగా జారి పక్కకు మడతపడింది. కింద నల్లపచ్చగా తడి. అన్న వంగి చేత్తో ఇంకాస్త తీసి చూపించాడు. "పచ్చిగున్నది సార్. పెద్దమనిషి జారి పడుతుండె."

"మొత్తం ఆరిందని నిన్ననే చెప్పినవ్ గద?"

"నాదే తప్పు సార్. ఈ మూల సరిగ చూసుకోలే."

నేను గేటు దగ్గరే ఉన్నాను. అన్న ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడో విన్నాను. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి, ఒక్కసారి కూడా తడబడలేదు. విదేశీయుడు ఆ తడినీ తన మోకాలినీ మార్చి మార్చి చూసుకుని, అన్న భుజం మీద చెయ్యి వేసి ఇంగ్లీషులో థాంక్స్ చెప్పాడు. మంచివాడే. కానీ ఆ థాంక్స్‌తో మాకేం ఒరిగింది?

సెక్రటరీ నుదురు తుడుచుకున్నాడు. అందరి ఫోనులూ తన వైపే ఉన్నాయని చూసుకుని గొంతు తగ్గించాడు. "భాయ్, నేను ముందే చెప్పిన. కమిటీకి ఇప్పుడు నేనేం చెప్పాలె? టోర్నమెంట్ అయినంక జేసీబీ వస్తది. ఇంక నా చేతిల లేదు." అన్న ఎప్పటిలాగే తలూపాడు. మైకులో ఎవరో, మిగతా ఆట నీలం కోర్టులో జరుగుతుందని చెప్పారు. కుర్చీలు కిర్రుమన్నాయి. జనం లేచి, నవ్వుకుంటూ, ముక్కుల మీద రుమాళ్లు పెట్టుకుని అటు నడిచారు.

అందరూ వెళ్లాక అమ్మ వచ్చింది. ఒక్కో కుర్చీ వీపూ పట్టుకుంటూ, తొందరపడుతూ వచ్చింది. లేచిన పెచ్చు చూసింది, కింద పచ్చి చూసింది. ఆమె మొహం ఎలా మారిపోయిందో నేను చెప్పలేను.

"ఏందిరా ఇది?" అంది అన్నతో. "నేను సాన్పి చల్లిన జాగనే గదరా ఇది! కిందిది పచ్చిగుంటే మీద నేనెంత చల్లినా ఏం లాభం? మీ బాపు ఉన్నన్నాళ్లు ఒక్కనాడన్న ఆట ఆగిందా? కర్ఫ్యూల గూడ ఆగలే. ఇన్నేండ్ల పేరు ఒక్క పూటల బుగ్గిపాలు చేస్తివి. గింత మూల ఆరబెట్ట చేతకాలేదా నీకు?"

సెక్రటరీ ఇంకా అక్కడే ఉన్నాడు. పనివాళ్లు ఇద్దరు ఉన్నారు. వాళ్లందరి ముందూ యాభై దాటిన కొడుకును ఆమె తిడుతోంది. అన్న తల వంచుకుని విన్నాడు. "మర్శిపోయిన అమ్మా" అన్నాడు.

 నోరు తెరిచాను. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివర ఉంది. అన్న వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. పచ్చిపేడ అంటిన చెయ్యి, చల్లగా ఉంది. ఎముక నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకున్నాడు.

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని సెక్రటరీ ముందుకు వెళ్లింది. మా బాపు బతికుండగా ఎవరి ముందూ చేతులు జోడించని మనిషి, రెండు చేతులూ జోడించింది.

"సార్, మావోని తప్పు మాఫ్ జేయుండ్రి. వానికి పనైతే వస్తది గని సోయి తక్కువ. కోర్టు తీసెయ్యకుండ్రి. ఇంకొక్క ఆట ఆడిపియ్యిండ్రి. ఈపారి నేనే దగ్గరుండి చూసుకుంట. అలుకుడు కాడికెల్లి సాన్పి దాక అన్ని నా చేతులతోని నేనే చేస్త."

సెక్రటరీ ఇబ్బందిగా అన్న వైపు చూశాడు.

"అవును సార్" అన్నాడు అన్న. "అమ్మ దగ్గరుంటే గిట్ల అయ్యేటిది కాదు."